నాలుగు తాళ్ళు కట్టిన సరుగుడు

మా ఎర్రన్న తన మేనల్లుడికి పుచ్చిన తెరచాప కొయ్య ఇచ్చి సముద్రంలోకి పంపాడనీ, పుచ్చు కనపడకుండా పసుపు దట్టంగా పట్టించాడనీ రెండేళ్ళుగా ఒక మాట ఈ తీరమంతా తిరుగుతోంది. మొన్న శ్రీకాకుళం సంతలో ముక్కూ మొహం తెలియని ఒకామె నా గంపలో ఎండుచేపలు ఏరుకుంటూ ఆ మాట నాకే చెప్పింది. అందులో కొత్త ముక్క కూడా చేరింది. ఎర్రన్న ఆ కొయ్యను రంపంతో సగం కోసి, కోత మీద మైనం పూశాడట. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. విన్నది, తల ఊపింది, చేపలు తీసుకుని వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో తెలియదు. సంతలో అందరినీ అలా కూర్చోబెట్టలేను కనుక రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పుచ్చు లేదు. కోత లేదు. విరిగి ఒడ్డుకు చేరిన ఆ కొయ్య ముక్కను చివరి నుంచి చివరిదాకా ఈ చేతులతోనే తడిమాను. అయితే అంతవరకే రాసి ఆపితే నాదీ సగం మాటే అవుతుంది. ఎర్రన్న అప్ప, అంటే అక్క, లక్ష్మణమ్మ మొన్న మాఘంలో కాలం చేసింది. ఆమె బతికుంటే రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు, అలాంటి సంగతి ఒకటుంది. అది కూడా చివర్న రాస్తాను.

ఎర్రన్న ఇల్లు మా ఇంటికి మూడోది. నాకంటే పదేళ్ళు చిన్న, నన్నూ అప్పా అనే పిలుస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. పన్నెండేళ్ళ కిందటి వరకూ వాడూ మావాళ్ళందరిలాగే తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. వాడూ, లక్ష్మణమ్మ మొగుడూ ఒకే తెప్ప. ఒక ఏడు చేపలు బాగా పడే రోజుల్లో గాలి తిరిగి తెరచాప కొయ్య విరిగింది. చాప మీద పడి బావ మునిగిపోయాడు. ఎర్రన్న దుంగను కరుచుకుని మర్నాడు మధ్యాహ్నానికి ఒడ్డున పడ్డాడు. ఆ కొయ్యకు నడిమధ్యన చిన్న వంకర ఉండేది, సరిగ్గా ఆ వంకర దగ్గరే విరగడం నా కళ్ళతో చూశానని వాడు చెప్పేవాడు. నిజంగా అక్కడే విరిగిందా, విరిగినా వంకర వల్లే విరిగిందా అన్నది ఎవరికి తెలుసు. కొయ్య సముద్రంలోనే పోయింది. కానీ లక్ష్మణమ్మ ఆ మాట పట్టుకుంది. మొగుడు పోయి గాజులు తీసిన రోజున తమ్ముడి చెయ్యి పట్టుకుని, ఎనిమిదేళ్ళ కొడుకుని ముందు నిలబెట్టి ఒకటే అడిగింది.

“నా గంగులుకి నువ్విచ్చీ కొయ్య తిన్నగుండాల. ఎక్కడా ఒంకరుండకూడదు. మాటియ్యి.”

మాటిచ్చాడు.

ఈ మాట ఎందుకు అడిగిందో పైఊళ్ళ వాళ్ళకు తెలియదు. మా పల్లెలో మగపిల్లాడు మొదటిసారి సొంత తెప్ప దింపుతుంటే దాని కొయ్య మేనమామే ఇవ్వాలి. కొని ఇస్తే చెల్లదు. మేనమామ నాటిన చెట్టో, ఏరి పెంచిన చెట్టో కావాలి. అతనే నరకాలి, అతనే బెరడు తియ్యాలి, అతనే పసుపు రాయాలి. తెప్ప దుంగలు వడ్రంగి చెక్కుతాడు గాని ఆ మొదటి కొయ్య మీద మాత్రం వడ్రంగి ఉలి పడకూడదు. మేనమామ చెయ్యి కాక ఇంకో చెయ్యి పడితే కొయ్యకు బలం పోతుందని మా నమ్మకం. ఎందుకలా అని చిన్నప్పుడు మా అమ్మను అడిగి చీపురుదెబ్బ తిన్నాను.

ఎర్రన్న మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. తీరం వెంబడి ఇసకమెట్ట మీద పైఊరి కామందుకు సరుగుడు తోట ఉంది. దానికి కాపలా కుదిరాడు. తోటలో లోపలి వరసలన్నీ కామందువి. అవి ఒకదాన్నొకటి ఆనుకుని తిన్నగా పెరుగుతాయి, ఏపుకొచ్చాక నరికి బండ్ల మీద ఆమదాలవలస కలప అడితికి తోలుతారు. సముద్రం వైపు మొదటి వరస మాత్రం కాపలావాడికి వదిలేశారు. ఎందుకు వదిలారో ఆ చెట్లను చూస్తే తెలుస్తుంది. రాత్రింబగళ్ళు గాలి మోదుతుంటే అవన్నీ ఊరివైపు ఒరిగి, మొదళ్ళు బుంగల్లా లావెక్కి, దొడ్డికాళ్ళ మనుషుల్లా ఉంటాయి. అడితి వాళ్ళు వాటిని పొయ్యిలోకి తప్ప అడగరు. మా పల్లెలో తెప్పల కొయ్యలన్నీ ఆ వరసలోవే. కొంచెం వంకరైనా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎర్రన్నకు తప్ప.

గంగులు కోసం వాడు ఆ మొదటి వరసలోనే ఒక మొక్క నాటాడు. లోపలి చెట్ల మీద చెయ్యి వేసే హక్కు వాడికి లేదు మరి. రెండో ఏటికే మొక్క ఊరివైపు తల వాల్చడం మొదలెట్టింది. అప్పుడు వాడు చేసిన పని సముద్రం తెలిసిన మనిషికి తప్ప ఇంకొకరికి తట్టదు. తెప్ప మీద కొయ్యను నిలబెట్టడానికి ఎలా తాళ్ళు కడతామో అలాగే నాలుగు దిక్కులా నాలుగు గూటాలు పాతి, వలకు వాడిన కొబ్బరితాళ్ళతో మొక్కను నాలుగు వైపులా బిగించాడు. బెరడు ఒరుసుకోకుండా తాడు కింద పాత చాపగుడ్డ చుట్టాడు. ఏడాదికోసారి ఆ కట్టును పైకి జరిపేవాడు. ముందు నడుమెత్తు, తరవాత తలెత్తు, చివరికి నిచ్చెన వేసుకుని రెండు నిలువుల ఎత్తు. చెట్టు ఇంకా పెరుగుతూనే ఉంది గాని, అప్పటికే దాన్ని కొయ్యలాగే నిలబెట్టేశాడు.

పుల్లలేరుకునే వంకతో నేను వారానికోసారి వెళ్ళి చూసేదాన్ని. పక్క చెట్లు గాలికి అటూ ఇటూ ఊగి మూలుగుతుంటే ఇది మాత్రం కదలదు. నున్నగా, సన్నగా, ఆమదాలవలస స్టేషను పక్కన ఉండే టెలిగ్రాఫ్ స్తంభంలా తిన్నగా ఉండేది. చూడడానికి పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చేవారు. గంగులు స్నేహితుడు సూరయ్య అయితే వచ్చినప్పుడల్లా వేళాకోళమే.

“ఏటి మావా, సెట్టు పారిపోతాదనేటి ఇలగ కట్టీసినావు?”

“పారిపోదురా, మా ఓడిలాగే కుదురు” అని ఎర్రన్న మేనల్లుడి వైపు చూసి నవ్వేవాడు. వాడు నవ్వగా చూసింది ఆ చెట్టు కిందే.

గంగులుకు పద్దెనిమిదో ఏడు నడుస్తుండగా, అరవై ఏడులో, దసరా వెళ్ళిన వారానికి చెట్టు కొట్టారు. నేను అక్కడే ఉన్నాను. ఎర్రన్న తాళ్ళు విప్పకుండానే మొదలు నరికాడు. చెట్టు తెగిపోయినా పడలేదు, నాలుగు తాళ్ళ మధ్య ఉరివేసినట్టు వేలాడింది. ముందు తాళ్ళు ఇప్పొచ్చు కదరా అని అడిగాను. పడితే చిట్లుతుంది అన్నాడు, నా వైపు చూడకుండా. సరేననుకున్నాను. నాలుగు ఇళ్ళ అవతల ఎవరు ఏ కూర వండారో అడిగి తెలుసుకునే దాన్ని, ఆ రోజు ఇంకో ప్రశ్న అడగలేదు.

కొయ్యకు పసుపు పెట్టి తెప్ప దింపిన రోజు లక్ష్మణమ్మ ఆ కొయ్యను కళ్ళకద్దుకుంది. దానికి నడుం దగ్గర కొంచెం సన్నం, పైన కట్టు దాటాక కొంచెం లావు. ఆ నడుం చూసి ఆడవాళ్ళందరం మురిసిపోయాం. గంగులు, సూరయ్య ఇద్దరూ ఇరవై రోజులు వేటాడారు. కార్తీకంలో ఒక పొద్దున్న ఈశాన్యం నుంచి గాలి లేచింది. పెద్ద గాలి కాదు. ఆ పూట సముద్రం మీద మా పల్లె తెప్పలు తొమ్మిదున్నాయి, ఎనిమిది తెప్పలు తెరచాప ఎత్తుకునే తిరిగి వచ్చాయి. సాయంత్రానికి సూరయ్య ఒక్కడూ విరిగిన కొయ్య పైసగం మొండెంతో తెప్పను తోసుకుంటూ వచ్చాడు. మూడో నాడు గంగులు ఒడ్డుకు వచ్చాడు. ఎలా వచ్చాడో రాయను.

సూరయ్య ఒడ్డున ఇసకలో కూలబడి, అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పాడు. చాప నిండింది, కొయ్య వంగను కూడా వంగలేదు, పుచ్చినదానిలాగ పటుక్కున పోయింది, గంగులు నెత్తి మీద పడింది. పుచ్చినదానిలాగ అన్నాడు వాడు. మర్నాటికి నూతి దగ్గర అది పుచ్చిన కొయ్య అయింది. ఆ మర్నాటికి పసుపు కింద పుచ్చు దాచాడన్నారు. ఎందుకు దాస్తాడంటే దానికీ కారణం దొరికింది. ఎర్రన్నకు పిల్లాడు సముద్రం మీదికి పోవడం ఇష్టం లేదు, భయపెట్టి తోటలో తన దగ్గర ఉంచుకుందామని చేశాడు, అది అలా వికటించింది అని. ఎర్రన్నకు ఇష్టం లేని మాట నిజమే. అందుకే ఈ అబద్ధం అంత బాగా అతుక్కుంది.

లక్ష్మణమ్మ తమ్ముడికి తలుపు వేసేసింది. వాడు రోజూ వచ్చి అరుగు కింద కూర్చుని, పొద్దు వాలాక లేచి వెళ్ళేవాడు. కులపెద్ద అప్పలసూరి పెద్దకర్మ అయిన మూడో రోజున పంచాయతీ ఉంటుందన్నాడు. తప్పు తేలితే వెలి. వెలి అంటే మాలో నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, చస్తే మొయ్యరు. లక్ష్మణమ్మ క్షమించినా సరే, పెద్దల మాట దాటి తలుపు తియ్యడానికి లేదు. వాడికి ఆ తలుపు తప్ప లోకంలో ఇంకేమీ లేదు.

పుచ్చు ఉందో లేదో చూడకుండా పుచ్చని ఎలా అంటారు అన్నది నా తంటా. సూరయ్య తెచ్చిన మొండెం ఎక్కడుందని వాకబు చేస్తే లక్ష్మణమ్మ పెరట్లో పొయ్యికర్రల మీద పడి ఉందన్నారు. వెళ్ళాను. కొడుకు పెద్దకర్మ వంటకు దాన్నే పొయ్యిలో పెడతానంది.

“నీకు మతిపోనాదేటే లచ్చనమ్మా. అది కాలిపోతే రేపు ఏటి సూపిస్తావు?”

“సూపించక్కర్నేదు దేముడమ్మా. ఆడి సెయ్యేసిన కొయ్య నా ఇంట ఉండకూడదు.”

“పుచ్చు ఉన్నాదేటి దానికి? నువ్వు సూసినావేటి?”

 తనే వెళ్ళి ఆ మొండెం తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది.

“నువ్వే సూడు. సూసి నాకు సెప్పు. పుచ్చు ఉన్నాదని సెప్పినా బతుకుతాను, నేదని సెప్పినా బతుకుతాను. తెలీకుండా మాత్రం బతకనేను.”

అక్కడే ముక్కాలిపీట మీద పెట్టుకుని చూశాను. పురుగు తొలిచిన రంధ్రం ఒక్కటి లేదు. రంపపు గీత లేదు. కట్టు తాలూకు మచ్చ ఉన్నచోటికి జానెడు కింద ముల్లంగి విరిగినట్టు విరిగింది. ఇంట్లో పొయ్యిలో పెట్టే సరుగుడు పుల్ల విరిచినా పీచులు పీచులుగా లేస్తుంది, చేతికి గుచ్చుకుంటుంది. దీనికి పీచే లేదు. చెట్టు మంచిదే, విరగడమే వింతగా ఉంది. నాకు అంతకు మించి తెలియలేదు.

తెలిసినవాడు జగన్నాధం. ఆమదాలవలస స్టేషను దగ్గర అడితిలో వడ్రంగి, ఏటా రెండు నెలలు మా పల్లెకు వచ్చి తెప్పలు చెక్కి వెళతాడు. మొండెంలో నుంచి కట్టు మచ్చ ఉన్న మూరెడు కోయించి, మొదటి వరసలో ఎర్రన్న ఎప్పుడో నరికి పడేసిన గూని చెట్టుది ఇంకో మూరెడు తీసుకుని, రెండూ ఎండుచేపల గంపలో పెట్టుకుని బస్సెక్కాను. కొయ్య ముక్కలకు కూడా వాసనొస్తోందని కండక్టరు సణిగాడు.

జగన్నాధం రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని ముందు బరువు చూశాడు. తరవాత రెండింటి చివర్లూ రంపంతో బిళ్ళల్లా కోసి, తడిగుడ్డతో తుడిచి, వెలుగులో పెట్టాడు. తాళ్ళు కట్టిన చెట్టు బిళ్ళ గుండ్రంగా, లేతగా, నడిబొడ్డున చుక్కతో పూరీలా ముచ్చటగా ఉంది. గూని చెట్టు బిళ్ళ కోడిగుడ్డులా ఒకవైపు సాగి ఉంది. దాని చుక్క మధ్యలో లేదు, ఒక పక్కకు ఒత్తుకుపోయింది. సాగిన వైపు కలప దట్టంగా, ఎర్రగా, గోరు దిగనంత గట్టిగా ఉంది.

“ఈ లావెక్కిన పక్క ఎటుండేది? సముద్రం పక్కే కదా?” అని అడిగాడు. చెట్టును చూడకుండానే.

అవునన్నాను. ఎలా తెలిసిందని అడిగితే పని ఆపి చెప్పాడు. గాలి తోస్తుంటే చెట్టు ఊరుకోదట. ఎటు నుంచి తోపు వస్తోందో ఆ పక్క కలప పేర్చుకుంటుంది, బిగించిన తాడులాగ ఆ కలపే చెట్టును వెనక్కి లాగి పట్టుకుంటుంది. మొదలు దగ్గర ఎక్కువ ఊపు తగులుతుంది కనుక మొదలు లావు చేసుకుంటుంది. నాగావళికి నీళ్ళొచ్చి గట్టు కోసినప్పుడు పడిపోయిన చెట్లు కొన్ని వేరు తెగకపోతే రెండేళ్ళలో తలెత్తి లేవడం చూశానన్నాడు. అలాంటి దుంగలు అడితికొస్తే మాత్రం వడ్రంగులందరూ తిట్టుకుంటారట, కోస్తుంటే కలప ముడుచుకుని రంపాన్ని పట్టేస్తుందని, పలక తీస్తే మెలిపడుతుందని.

“తలుపులకి పనికిరాదమ్మా ఆ సెక్క. గాలికి మాత్రం అదే పనికొస్తాది.”

“మరి ఇది?”

నున్నటి బిళ్ళను వేలితో తిప్పాడు. “దీనికి ఒక్కనాడూ గాలి తగలనివ్వనేదు కదా. తాళ్ళు మోసీసినాయి. కట్టు కింద దానికి పనేటుంది, బలం ఎందుకు పెడతాది? పైన ఊగిన కాడ లావుంది సూడు, కింద సన్నం. నా సేతికొచ్చుంటే బరువు సూసే ఒద్దనీవోణ్ణి. మీవోళ్ళు మా ఉలి తగలనివ్వరు.” బిళ్ళను పక్కన పెడుతూ ఇంకో మాట కూడా అన్నాడు. “మధ్యలో ఎప్పుడైనా తాళ్ళు ఇప్పీసి వదిలీసుంటే బతికిపోయీది. ఒరిగిపోతాది. ఒరిగితే ఒరగనీ. నాలుగేళ్ళు గాలికి ఆడితే అదే గట్టిపడును.”

నాకు గంగులు గుర్తొచ్చాడు. జగన్నాధాన్ని నాతో రమ్మని అడిగాను. రెండు రోజుల కూలి పోతుందని కూడా అనకుండా వచ్చాడు.

పంచాయతీ వలలు ఆరేసే పాకలో పెట్టారు. మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళం నిట్రాళ్ళ పక్కన. ఎర్రన్న మధ్యలో ఇసకలో గొంతుక్కూర్చున్నాడు. లక్ష్మణమ్మ తలమీద ముసుగుతో అందరికీ వెనగ్గా ఉంది. జగన్నాధం ఎక్కువ మాట్లాడలేదు. రెండు ముక్కల నుంచీ చిటికెన వేలంత మందాన, మూరెడు పొడుగున రెండు బద్దలు చీల్చి అప్పలసూరి చేతికిచ్చి వంచమన్నాడు. నున్నటి బద్ద విరిగింది. ఆ చప్పుడుకే సూరయ్య లేచి బయటికి పోయాడు. గూని చెట్టు బద్దను అప్పలసూరి విల్లులా వంచి, ఇంకా వంచి, మోకాలు పెట్టి వంచినా తిరగబడింది తప్ప విరగలేదు. పుచ్చు ఏదీ అని నేను అందరికీ మొండెం చూపించాను. చేతులు మారుతూ పాకంతా తిరిగి వచ్చింది. ఎవరికీ పుచ్చు దొరకలేదు.

జగన్నాధం అన్నవన్నీ అక్కడ నేను చెప్పాను, ఒకటి తప్ప. తాళ్ళు విప్పి వదిలేసి ఉంటే బతికేది అన్న మాట లక్ష్మణమ్మ వినాలని నాకు అనిపించలేదు.

అప్పుడు అప్పలసూరి ఎర్రన్న వైపు తిరిగాడు. “ఒరే ఎర్రన్నా. ఇది నీకు ముందే తెలుసునేటి?”

ఎర్రన్న తలెత్తాడు. నోరు తెరిచాడు. నేను ఆగలేకపోయాను.

“ఆడికేటి తెలుస్తాది బావా. ముప్పయ్యేళ్ళు ఉలి అట్టుకున్నోడు సెప్తే మనకిప్పుడు తెలిసినాది. సెట్టుని కట్టినోడు కన్నకొడుకుని కట్టుకున్నట్టు కట్టుకున్నాడు. సూసినోళ్ళం మనందరం బాగుందనే అన్నాం కదేటి?”

నిజమే, అందరం బాగుందనే అన్నాం. తలలు ఊగాయి. ఎర్రన్న నోరు మూసుకున్నాడు. తెలియక చేసినదానికి వెలి లేదని అప్పలసూరి తేల్చాడు. లక్ష్మణమ్మ లేచి ఇంటికి వెళ్ళింది. వెళ్ళిపోయిందే అనుకున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చి, అందరూ చూస్తుండగా తమ్ముడి ముందు పెట్టింది. వాడు ఆ నీళ్ళు తాగడానికి చాలాసేపు పట్టింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. వెలి వెయ్యలేదు గాని మా పల్లెలో అందరూ ఎర్రన్న దగ్గర కొయ్య తీసుకోవడం మానేశారు. పక్క తీరాల నుంచి తెచ్చుకుంటున్నారు. పిల్లలు తోటవైపు వెళితే తల్లులు కేకేస్తారు. నూతి దగ్గర మాట చావలేదు, పంచాయతీలో దేముడమ్మ మంత్రం వేసిందన్నారు. లక్ష్మణమ్మ మాత్రం రోజూ పొద్దున్న తమ్ముడికి గంజన్నం పెట్టేది. ఏడాది పైన పెట్టింది. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను వినలేదు. వాడు తలెత్తకుండా తిని, చిప్ప కడిగి బోర్లించి పోయేవాడు. మాఘంలో ఆమెకు జ్వరం తగిలింది, పది రోజుల్లో పోయింది. పోయే ముందు రోజు కూడా నాతో ఒక మాటంది. “మా తమ్ముడికి తెలీకే కదేటి, దేముడమ్మా.” అవునే అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది.

ఈ వానాకాలంలో పుల్లలకని తోటకు వెళ్ళాను. ఎర్రన్న మొదటి వరసలో కొత్త మొక్కలు నాటాడు, ముప్పయ్యో నలభయ్యో, నడుమెత్తు ఎదిగాయి. ఒక్కదానికీ గూటం లేదు, తాడు లేదు. అవి ఎవరికని అడిగే ధైర్యం నాకే లేకపోయింది. తీసుకునేవాళ్ళు లేరని వాడికీ తెలుసు. వాడు ఒక్కో మొక్క దగ్గరా ఆగి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటు వంచి, ఇటు వంచి, ఊపుతున్నాడు. గాలి చాలలేదన్నట్టు. బొటనవేళ్ళ దగ్గర పుండైన చేతులకు గుడ్డ చుట్టుకున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే, బలం పడుతుందని జగన్నాధం చెప్పాడు కదప్పా అన్నాడు.

వెళ్ళిపోదామని తట్ట ఎత్తుకున్నాను. అప్పుడు చూశాను. వాడు మొక్కను నేలదాకా వంచి వదిలేస్తున్నాడు. వదిలాక పక్కదానికి పోవడం లేదు. అది లేచి నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. లేస్తుందని తెలిసినవాడు అలా చూడడు. ఒకసారి ఎప్పుడో లేవకపోవడం చూసినవాడు చూస్తాడు. తాళ్ళతోనే వేలాడిన ఆ చెట్టు నా కళ్ళముందుకు వచ్చింది. పడితే చిట్లుతుందన్నప్పుడు వాడు నా వైపు చూడని సంగతీ గుర్తొచ్చింది.

తట్ట దింపి వాడి ఎదురుగా ఇసకలో కూర్చున్నాను. పాకలో అప్పలసూరి అడిగిన ప్రశ్నకు జవాబు నేనే చెప్పేశాను, వాణ్ణి చెప్పనివ్వలేదు. రెండేళ్ళ తరవాత ఆ ప్రశ్న నేనే అడిగాను.

“ఒరే ఎర్రన్నా. గంగులు సెట్టుకి తాళ్ళు కట్టీసినంక మల్లీ ఎప్పుడైనా ఇప్పి సూసినావేటి?”

మొక్కను వదిలేశాడు. అది లేచి నిలబడింది. దాన్నే చూస్తూ చెప్పాడు.

“ఆ దినం పాకలో సెప్దామనే నోరిప్పినానప్పా. ఒకపాలి ఇప్పినాను. నాలుగో ఏడు, ఎండల్లో, గాలి పడిపోయిన పూట. నాలుగు తాళ్ళూ ఇప్పీసి దూరంగ నిలబడ్డాను. గాలి నేదు, ఏటీ నేదు. అయినా నిలబడనేదప్పా. నెమ్మదిగ ఒరిగొరిగి తల తీసుకెల్లి ఇసక మీద పెట్టీసినాది. మా లచ్చనమ్మప్ప తిన్నటిది అడిగినాది కదా. దాన్ని ఎత్తి బుజమ్మీద ఆనించుకుని, ఎవులైనా సూస్తన్నారేమోనని సుట్టూ సూసినాను. ఎవులూ నేరు. మల్లీ కట్టీసినాను.”